తంగేడు ఎవరి కోసం పూస్తుంది?

ఇంటి ముందు ఉన్న కాస్త జాగాలో నీళ్లు పెద్దగా పోయకుండా, ఈ నేలలో పుట్టిన మొక్కలే పెంచి, తేనెటీగలకూ సీతాకోకచిలుకలకూ చోటివ్వాలన్న ఆలోచన తెలుగు నగరాల్లో బాగానే వేళ్లూనుకుంది. ఆ మాట వచ్చిన ప్రతిచోటా ముందు వినిపించే పేరు తంగేడు. కారణాలు వెతకనక్కర్లేదు. రాళ్ల గుట్ట మీదా, రోడ్డు వారా, చెరువు కట్ట పక్కనా ఎవరూ నాటకుండానే పెరుగుతుంది. ఎండకు వెరవదు. పశువులు సాధారణంగా ముట్టవు. పైగా తెలంగాణ రాష్ట్ర పుష్పం.

ఇంత సులువైన మొక్క చుట్టూ ఇంత వాదన ఎందుకు పేరుకుందన్నదే ఆసక్తికరం. తంగేడు తేనెటీగకు పెద్దగా ఉపయోగపడదని ఒక వర్గం అంటుంది. అది లేకపోతే దేశీ తోటే కాదని ఇంకొక వర్గం. దాన్ని గట్టు మీద నుంచి కదిలించడమే తప్పని మూడో వర్గం. మూడు మాటల్లోనూ పస ఉంది. చిక్కల్లా ఈ ముగ్గురూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతూ, ఒకే ప్రశ్న మీద పోట్లాడుతున్నామనుకోవడంలో ఉంది.

గట్టు నుంచి గుమ్మానికి

తంగేడు మన ఊళ్లలో తోటమొక్కగా బతకలేదు, పనిమొక్కగా బతికింది. బెరడులో టానిన్ ఎక్కువ కాబట్టి తోళ్లు పదును చేయడానికి వాడేవారు. ఆవారం అన్న తమిళ పేరుతో ఈ బెరడు దక్షిణాది తోళ్ల వ్యాపారాన్ని చాలాకాలం నిలబెట్టింది. వాటిల్ బెరడు దిగుమతి అయ్యాక గిరాకీ తగ్గింది. రొట్ట కోసి మడిలో తొక్కేవారు. పుల్లతో పళ్లు తోముకునేవారు. శ్రీలంకలో రణవర పేరుతో ఎండు పూలను టీలా కాచుకుని ఇప్పటికీ తాగుతారు. ఇక తెలంగాణలో గునుగు, తంగేడు లేని బతుకమ్మను ఊహించడం కష్టం.

లిన్నేయస్ 1753లో దీనికి కాసియా ఆరిక్యులేటా అని పేరు పెట్టాడు. సామర్లకోటలో తోట నడిపి, కోరమాండల్ తీరపు మొక్కలకు బొమ్మలు గీయించిన విలియం రాక్స్‌బరో దీన్ని సెన్నాలోకి మార్చాడు. అయినా పాత పేరే చాలాకాలం చెలామణి అయింది. 1982లో ఇర్విన్, బార్నెబీ అనే వృక్షశాస్త్రజ్ఞులు పాత కాసియాను కాసియా, సెన్నా, కమైక్రిస్టా అని మూడుగా విడగొట్టాక గానీ సెన్నా స్థిరపడలేదు. ఇదంతా పండితుల గొడవలా కనిపిస్తుంది కానీ తోట పెంచేవాళ్లకు ఇందులో పనికొచ్చే ముక్క ఒకటుంది. చిక్కుడు కుటుంబం మొక్క కనుక తంగేడు నేలకు నత్రజని ఇస్తుందని విరివిగా ప్రచారం చేస్తారు. ఆ పని చేసే వేరు బుడిపెలు కమైక్రిస్టాకు ఉంటాయి, సెన్నాలకు సాధారణంగా ఉండవు. తంగేడు రొట్ట మడికి బలమిచ్చిన మాట నిజమే. ఆ బలం కోసి వేసిన ఆకుది.

2014లో తెలంగాణ ఏర్పడ్డాక తంగేడు రాష్ట్ర పుష్పమైంది, బతుకమ్మ రాష్ట్ర పండుగైంది. మరుసటి ఏడాది హరితహారం మొదలైంది, మొక్కలు నాటడం ఊరూరా కార్యక్రమమైంది. బయటి దేశాల్లో అప్పటికే రెండు ఆలోచనలు బలపడి ఉన్నాయి. తక్కువ నీటితో తోట అన్నది ఒకటి. అమెరికాలో డెన్వర్ నగర నీటి సంస్థ 1981లో దానికి జెరిస్కేప్ అని పేరు పెట్టింది. పురుగుల కోసం తోట అన్నది రెండోది. అమెరికా కీటక శాస్త్రవేత్త డగ్లస్ టాలమీ 2007లో రాసిన పుస్తకంతో అది ఇళ్ల పెరళ్లలోకి వచ్చింది, పరాగ సంపర్కం మీద 2016లో అంతర్జాతీయ జీవవైవిధ్య వేదిక ఐపీబీఈఎస్ ఇచ్చిన నివేదికతో ప్రభుత్వాల చెవిన పడింది. ఈ రెండు పాయలూ ఇక్కడి పండుగ అభిమానంతో కలిసిన చోట తంగేడు నిలబడింది. ఒక మొక్క మీద ఇన్ని ఆశలు పెట్టుకున్నాక తగవు రాకుండా ఎలా ఉంటుంది?

పువ్వు లోపల

ఈ తగవులో సగం, పువ్వును దగ్గరగా చూస్తే తేలిపోతుంది. అయిదు పసుపు రేకలు, విచ్చుకుంటే దాదాపు అయిదు సెంటీమీటర్ల వెడల్పు. మధ్యలో పది కేసరాలు. పైనున్న మూడు వట్టివి. పనిచేసే ఏడింటిలో కిందివి పొడవుగా, వంపు తిరిగి ఉంటాయి. చాలా పూలలో పుప్పొడి తిత్తి నిలువునా చీలి పుప్పొడిని బయటపెడుతుంది. తంగేడులో అలా కాదు. తిత్తి కొసన చిన్న రంధ్రం ఉంటుంది, ఉప్పు డబ్బా మూతకున్నట్టు. కుదిపితే తప్ప లోపలిది రాలదు.

కుదిపేది తుమ్మెద. ఎండు కొయ్యను తొలిచి గూడు పెట్టే నల్లటి పెద్ద తుమ్మెద కేసరాలను కాళ్లతో పట్టుకుని, రెక్కలు ఆడించకుండా ఛాతీ కండరాలను మాత్రం అదిరిస్తుంది. ఎగిరేటప్పటి ఝుంకారం కంటే సన్నగా, పై స్థాయిలో ఒక జుమ్మన్న చప్పుడు వస్తుంది. ఆ అదురుకు పుప్పొడి బయటికి చిమ్ముతుంది. పొట్టి కేసరాల పుప్పొడిని తుమ్మెద తన పిల్లల తిండికి పోగుచేసుకుంటుందని, పొడవాటి వాటిది దాని ఒంటికి అంటుకుని మరో పువ్వుకు చేరుతుందని ఇలాంటి పూల గురించి పంతొమ్మిదో శతాబ్దంలోనే వృక్షశాస్త్రజ్ఞుడు హెర్మన్ ముల్లర్ ప్రతిపాదించాడు. నీలి చారల ఈగలు, మట్టిలో గూడు పెట్టే కొన్ని చిన్న ఈగలు కూడా ఈ అదురు విద్య తెలిసినవే. తేనెపట్టు పెట్టే తేనెటీగలకు, కొండ తేనెటీగైనా, పెట్టెల్లో పెంచేదైనా, ఆ విద్య లేదు. రాలినదీ అంటుకున్నదీ ఏరుకుని పోతాయి.

మకరందం ఈ పువ్వులో లేదు. తీపి ఊట ఉన్నది ఆకుల దగ్గర. ఈనెకు రెండు వైపులా జంటలుగా ఉండే చిట్టి ఆకుల మధ్య సన్నటి గ్రంథులుంటాయి, చీమలు వాటి కోసం తిరుగుతాయి. అంటే మకరందం తాగి బతికే సీతాకోకచిలుకకు తంగేడు పువ్వుతో పని లేదు. అయినా పొద చుట్టూ తెల్లటి, లేత పసుపు సీతాకోకచిలుకలు ఎందుకు తిరుగుతాయి? అవి ఎమిగ్రెంట్ అని పిలిచే జాతులవి, ఆడవి. లేత ఆకు మీద గుడ్డు పెట్టే చోటు చూసుకుంటున్నాయి. నిలువుగా నిలబెట్టిన బియ్యపు గింజంత కూడా లేని తెల్లటి గుడ్డు నుంచి వచ్చే గొంగళి ఆకు రంగులోనే ఉండి, నడి ఈనె వెంబడి పడుకుని ఆకును అంచు నుంచి కొరుక్కు తింటుంది. వెతికితే గానీ కనబడదు. ఆకు రాలిందో, ఎవరైనా కోశారో అనుకుంటాం.

దేశీ వాదం

స్థానిక మొక్కలే నాటాలనే వర్గం బలమంతా ఈ గొంగళిలోనే ఉంది. ఆకులు తినే పురుగుల్లో చాలావాటికి అన్ని ఆకులూ పడవు. తరతరాలుగా అలవాటైన కొద్ది మొక్కలే పడతాయి. పురుగు లేకపోతే పిట్టకు పిల్లల్ని పెంచే తిండి లేదు. 2018లో నారంగో, టాలమీ, మర్రా అమెరికా రాజధాని శివారు ఇళ్లలో చికడీ అనే పిట్టను పరిశీలించి, పెరటి పచ్చదనంలో స్థానిక మొక్కల వాటా 70 శాతానికి తగ్గితే ఆ పిట్ట సంతతి నిలవడం లేదని చూపించారు. అప్పటినుంచి ఆ 70 ఒక మంత్రసంఖ్య అయిపోయింది. ఒక పిట్ట, ఒక నగరపు శివారు గురించి చెప్పిన లెక్కను దక్కను పీఠభూమి ముళ్లపొదలకు యథాతథంగా అంటించడం మాత్రం తొందరపాటు. సూత్రం ఇక్కడికీ వర్తిస్తుంది, అంకె వర్తించాలని లేదు.

ఈ వర్గానికి ఇంటిలోనే ఒక ఇబ్బంది ఉంది. స్థానికం అన్నదానికి సరిహద్దు ఎక్కడ గీయాలి? దేశానికా, జిల్లాకా, నేల రకానికా? సీమ తంగేడు ఆగ్నేయాసియా చెట్టు. రోడ్ల వెంట విరివిగా నాటారు. ఎమిగ్రెంట్ గొంగళ్లు దాని ఆకూ తింటాయి. అలాగని తంగేడు చుట్టాలన్నీ మంచివి కావు. అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చిన సెన్నా స్పెక్టాబిలిస్ వయనాడ్, నీలగిరి అడవుల్లో కింది మొక్కల్ని అణచేస్తూ పాకుతోంది. బతుకమ్మనే చూడండి: తంగేడు పక్కన పేర్చే బంతి, గుమ్మడి రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. సంస్కృతి వాటిని ఎప్పుడో సొంతం చేసుకుంది. గొంగళిపురుగు చేసుకుందా అన్నది వేరే ప్రశ్న, దానికి ఒక్కో మొక్క విషయంలో ఒక్కో జవాబు.

ఇంకో వైరుధ్యం కూడా చెప్పాలి. దేశీ తోట అని తంగేడు నాటి, ఆకులకు చిల్లులు పడగానే వేపనూనె పిచికారీ చేసేవాళ్లు చాలామంది. గొంగళిని చంపాక ఆ వాదనలో మిగిలేది పసుపు రంగు.

ముందు ఆకలి, తర్వాత పుట్టుక

తంగేడు తేనెటీగకు పెద్దగా ఉపయోగపడదనే వర్గం లెక్క సూటిగా ఉంటుంది. ఏ పువ్వు మీద ఎన్ని పురుగులు వాలాయి? ఈ లెక్కకు మంచి ఆధారం ఇంగ్లండులోని విజ్లీలో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ నడిపిన ప్రయోగం. స్థానిక, దగ్గరి ప్రాంతాల, దూరదేశపు మొక్కలను వేర్వేరు మళ్లలో పెంచి వచ్చిన కీటకాలను ఏళ్ల తరబడి లెక్కించారు. 2015లో ప్రకటించిన ఫలితాల ప్రకారం స్థానిక మొక్కలకు కొంత మొగ్గు ఉంది. అయితే దూరదేశపు పూలు ఆలస్యంగా పూసి, మిగతావి అయిపోయాక తిండి కాలాన్ని పొడిగించాయి. ఎంత ఎక్కువ పూలుంటే అన్ని ఎక్కువ పురుగులన్నది మూడు రకాలకూ వర్తించింది.

మన దగ్గర ఈ వర్గానికి దొరికే ఉదాహరణ గడ్డి చేమంతి. మధ్య అమెరికా మొక్క. ఫుట్‌పాత్ పగుళ్లలో కూడా ఏడాది పొడవునా పూస్తుంది. చిన్న నీలి సీతాకోకచిలుకలూ తేనెటీగలూ దాన్ని వదలవు. దాన్ని పీకేసి ఆ చోట తంగేడు పెడితే ఆ తేనెటీగకు నష్టమే కదా? నిజమే, నష్టమే. కానీ ఇదే తర్కాన్ని లాంటానా దాకా లాగితే బెడిసికొడుతుంది. లాంటానా పూల మీద సీతాకోకచిలుకలు ముసురుకుంటాయి. దాని పళ్లు తిన్న పిట్టలు విత్తనాలు అడవికి మోసుకుపోతాయి, అడవిలో అది కంచెలా అల్లుకుని గడ్డినీ మొలకల్నీ మింగుతుంది. వాలిన పురుగుల లెక్క నర్సరీ వాళ్లకు అమ్మకానికి పనికొస్తుంది. ఆ తోటలో పురుగు పుట్టిందా, పెరిగిందా అన్నది అది చెప్పదు.

తేనెటీగ పెట్టెల వ్యవహారం కూడా ఈ వర్గం వాకిట్లోదే. ఐరోపా తేనెటీగ మన దేశంలో 1960లలో కుదురుకుంది. తేనె కోసం అది మంచి పశువు. పూలు తక్కువున్న మెట్ట జాగాలో పెట్టెలు ఎక్కువైతే అడవి ఈగల తిండికి పోటీ వస్తుందనే అభ్యంతరం చాలా దేశాల్లో ఉంది. పుప్పొడి మోసే పురుగు అంటే తేనెటీగే అనుకోవడం వల్ల ఈ అభ్యంతరం ఇక్కడ అంతగా వినపడదు. వంగ, టమాటా పూలలో కూడా తంగేడులాగే పుప్పొడి కొసనుంచే, కుదిపితేనే బాగా రాలుతుంది. వాటిని కుదిపే తుమ్మెదలనూ నీలి చారల ఈగలనూ దగ్గర్లో నిలబెట్టేది తంగేడు లాంటి పొదలే. కూరగాయల రైతుకు తంగేడు గట్టు వల్ల లాభం తేనె లెక్కలో కనపడదు, కాయ లెక్కలో కనపడాలి.

ఉన్నచోటే ఉండనివ్వాలనే వాదం

మూడో వర్గం తోటనే ప్రశ్నిస్తుంది. తంగేడు గుట్టలు, బీళ్లు, పోరంబోకులు ప్రభుత్వ పటాల్లో బంజర్లు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం రూపొందించే బంజరు భూముల అట్లాసులో రాతి నేల, పొదల నేల పాడుబడ్డ భూముల లెక్కలోకే వస్తాయి. బంజరు అన్నాక అక్కడ సోలార్ పలకలు పరచడానికైనా, వెంచర్ వేయడానికైనా, ఆఖరికి అడవి పెంపకం పేరుతో గుంతలు తీయడానికైనా ఎవరికీ చేయి ఆడకపోవడమంటూ ఉండదు. అలాంటి పొడి పచ్చిక, పొదల నేలలు దేశ విస్తీర్ణంలో సుమారు పదో వంతు ఉంటాయని, అవి పాడైన అడవులు కావని, వాటి సహజ రూపమే అదని పర్యావరణ పరిశోధకులు ఎం.డి. మధుసూదన్, అబి వనక్ 2022లో పటాలతో చూపారు.

పర్యావరణ దృష్టితో చూస్తే మూడింటిలో ఇదే గట్టి వాదన. తంగేడు ఒంటరిగా ఉండే మొక్క కాదు. దాని పక్కన వెంపలి, తుమ్మి, రేగు, జిల్లేడు, గడ్డి, పుట్టలు, రాళ్ల సందులు ఉంటాయి. రెండువందల గజాల జాగాలో అవన్నీ రావు. అయితే ఆ రెండువందల గజాలే ఉన్నవాళ్లకు ఈ వర్గం చెప్పేదేమీ లేకపోవడం దాని లోటు. తోటలో తంగేడును గుర్తుపట్టినవాళ్లే రేపు గుట్టను చదును చేస్తుంటే అడ్డం వస్తారన్న జవాబు వినడానికి బాగానే ఉంటుంది, రుజువు చేయడమే కష్టం.

మూడింటినీ పక్కపక్కన పెడితే

స్థానికవాదుల కొలమానం ఆకు, ఆకలివాదుల కొలమానం పువ్వు, మూడోవాళ్ల కొలమానం నేల. తంగేడు మొదటి లెక్కలో మంచి మార్కులతో పాసవుతుంది. రెండో లెక్కలో తుమ్మెదకు విందు, తేనెటీగకు ఎంగిలి, సీతాకోకచిలుకకు సున్నా. గడ్డి చేమంతిది సరిగ్గా దీనికి తిరగేసిన ఫలితం. జిల్లేడు రెండు వైపులా నెగ్గుతుంది: తుమ్మెదకు మకరందం, ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక గొంగళికి ఆకు, ఏడాదంతా పువ్వు. అయినా దాన్ని తోటలో నాటే ధైర్యం ఎందరికుంది? పాలు కంట్లో పడతాయన్న భయం న్యాయమైనదే, ఇంటి ముందు ఉండకూడదన్న నమ్మకం సంగతి వేరు.

అందుకే స్థానిక మొక్క అన్న ఒక్క అర్హత చూసి తోట వేయడం చాలదు. ఏ పురుగుకు, ఏ నెలలో, ఏం పెడుతుందన్నది అడగాలి. తంగేడు జోరు వానలు వెనకబట్టిన దగ్గర్నుంచి చలికాలం దాకా. ఆ సమయంలోనే తుమ్మి, రేగు మకరందం ఇస్తాయి. చలిలో ముళ్ల గోరింట పూస్తుంది. ఎండల్లో భారం చెట్ల మీద పడుతుంది: మోదుగ, వేప, కానుగ, ఆ తర్వాత రేల. రేల కూడా తుమ్మెద కుదిపే పువ్వే. వీటిలో ఒక్కటైనా కంటిచూపు దూరంలో ఉంటే ఒంటి తంగేడు పొద కూడా తోటలో భాగమవుతుంది.

నీళ్లు, మట్టి, ఎండు కొమ్మ

పెంపకంలో అందరూ ఒప్పుకునేవి తక్కువేం కాదు. విత్తనం పెంకు గట్టిది. వేడినీళ్లలో వేసి రాత్రంతా నానబెడితే మొలక బాగుంటుంది. చెలక, గరప నేలలు నప్పుతాయి, నీరు నిలిచే రేగడిలో వేరు కుళ్లుతుంది. ఎరువు వేస్తే ఆకు ఏపుగా వస్తుంది, దానివల్ల ఒరిగేదేమీ లేదు. నర్సరీలో కొనేటప్పుడు మాత్రం కళ్లు తెరిచి చూడాలి, ఎందుకంటే పసుపు పూల సెన్నాలన్నీ తంగేడు పేరుతోనే అమ్ముడవుతాయి. ఆకు తొడిమ కొమ్మకు అతికే చోట చెవి ఆకారంలో రెండు చిన్న రెక్కలుంటే అది తంగేడు. కాయ చదునుగా, కాగితంలా పల్చగా ఉంటుంది.

విభేదాలు ఇక్కడినుంచి. సంచిలో పెంచిన మొక్క తొందరగా కంటికి కనిపిస్తుంది కానీ దాని తల్లివేరు సంచి అడుగున చుట్టుకుపోతుంది. తొలకరికి నేరుగా గింజ వేస్తే మొదటి ఏడాది పైకి ఏమీ లేనట్టే ఉంటుంది, కింద వేరు దిగుతుంది. కరువుకు తట్టుకునేది రెండోదే. మొదటి ఎండాకాలం నీళ్లు పోయాలా వద్దా అన్నదానిపై పట్టుదలకు పోవడం దండగ. బతకడానికి సరిపడా పోసి తర్వాత మానేయడమే చాలామంది చేసేది.

నిజంగా ఎటూ తేలని తగవు గడ్డి కప్పడం మీద. తేమ నిలవాలంటే మొక్క మొదట్లో గడ్డో ఎండాకో కప్పమని మెట్ట సేద్యం చెబుతుంది. మట్టిలో బొరియ తవ్వే ఈగకు మాత్రం ఎండ తగిలే బోడి నేల కావాలి. తోటంతా నీటుగా కప్పేస్తే తంగేడు పువ్వును కుదపాల్సిన ఈగకే గూడు లేకుండా పోతుంది. తుమ్మెదకైతే ఎండు కొయ్య, వెదురు బొంగు కావాలి. శుభ్రత పేరుతో ముందుగా తోటనుంచి బయటికి పోయేవి అవే. ఈ సమీక్షకు తోచిన మధ్యమార్గం: మొక్క చుట్టూ మూరెడు కప్పు, మిగతాది బోడిగా, ఒక మూల ఎండు దుంగ.

తేలవలసినవి

తోట పురుగుల్ని పెంచుతోందా, లేక చుట్టుపక్కల ఉన్నవాటిని ఒకచోట చేరుస్తోందా అన్నది మొదటిది. పువ్వు మీద వాలినవాటిని ఎన్నిసార్లు లెక్కపెట్టినా దీనికి జవాబు రాదు. గొంగళ్లను, కొయ్యలోని గూళ్లను, నేలలో బొరియలను లెక్కించాలి. రెండోది దూరం. పెద్ద తుమ్మెద తిండి కోసం చాలా దూరం పోగలదు, చిన్న మట్టి ఈగలకు కొన్ని వందల మీటర్లే ఎక్కువ. అపార్ట్‌మెంట్ల మధ్య ఒక తంగేడు పొదకూ మరో పొదకూ ఉండాల్సిన ఎడం రెండింటికీ ఒకటే కాదు. మూడోది విత్తనం ఊరు. అనంతపురం గుట్టల గింజ ఆదిలాబాద్ వానకు ఎలా నిలుస్తుంది, అక్కడి మొక్కలతో కలిస్తే ఏమవుతుంది అన్నది నర్సరీలు అడగని ప్రశ్న. మొక్కను జిల్లా పేరుతో కాకుండా జాతి పేరుతో మాత్రమే అమ్మినంత కాలం అది తేలదు.

నాలుగోది అన్నిటికంటే సున్నితమైనది, పూల కోత. బతుకమ్మ పండుగలో ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజుల్లో ఊళ్ల చుట్టూ ఉన్న తంగేడు పొదలు బోడి అవుతాయి. కొమ్మలకు కొమ్మలే విరిచి పట్నం మార్కెట్లకు తెస్తారు. తంగేడు నరికినా చిగురిస్తుంది కాబట్టి నష్టమేమీ లేదని కొందరు, పువ్వు పోతే పుప్పొడీ కాయా రెండూ పోయినట్టే కదా అని కొందరు. పండుగ తర్వాత కూడా తంగేడు పూస్తూనే ఉంటుంది కనుక మొదటివాళ్ల మాట కొట్టిపారేయలేం. కోత ఏటికేడు పట్నానికి దగ్గరి గుట్టలమీదే పడుతుంది కనుక రెండోవాళ్లదీ కొట్టిపారేయలేం. దీన్ని తేల్చడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఒకే గుట్ట మీద పది పొదలను కోతకు వదిలి, పదింటికి గుడ్డ పీలిక కట్టి వదిలేయమని ఊళ్లో చెప్పి, సంక్రాంతి నాటికి రెండు రకాల పొదల మీదా కాయలు లెక్కపెట్టాలి. కాయ విప్పి గింజల్లో పురుగు తొలిచినవెన్నో చూడాలి. రెండు మూడేళ్లు అదే గుట్ట మీద అదే పని చేస్తే, ఇళ్ల ముందు పెంచిన తంగేడు పువ్వును పండుగకు కోయడం గుట్టకు ఎంత ఊరట ఇస్తుందో కూడా అంచనా వేయవచ్చు.